గుళికలు చల్లితే పాములు రావా?

తుప్పలు బలిసిన పెరట్లో నాలుగు నాటుకోళ్లు పెంచుదామని ఎవరు సరదాపడినా, అడక్కుండానే ఒక సలహా వచ్చిపడుతుంది: ‘‘వరిచేలో వేసే గుళికలు గోడవారగా రెండు గుప్పెళ్లు చల్లండి. పాము ఇటు తొంగిచూడదు.’’

పాము సంగతి తర్వాత. మా వీధి చివరింట్లో పొద్దున్నే గంపకింద నుంచి వదిలిన పదకొండు కోళ్లు, ఇంటివాళ్లు టిఫిను తిని లేచేలోపు మెడలు వాల్చి, చొంగ కారుస్తూ పడిపోయాయి. తెగులన్నారు, దిష్టన్నారు. చేతికి కవరు తొడుక్కుని ఒక కుర్రాడు కందనకాయ కోస్తే, ఇసుకరాళ్ల మధ్య ఊదారంగు గుళికలు!

కోడికి పళ్లుండవు. గింజ నలగడానికి ఇసుక, చిన్నరాళ్లు ఏరుకుని మింగుతుంది. దాని కంటికి గుళికా ఒక రాయే. కార్బోఫ్యూరాన్, ఫోరేట్ లాంటివి నరాల మీద దెబ్బకొట్టే విషాలు. పిట్టలకైతే ఒక్క గుళిక చాలు. ఫోరేట్‌ను మన దేశంలో 2020 డిసెంబరు 31 నుంచి పూర్తిగా నిషేధించారు కూడా. అటకమీద పాత సంచీ ఉంటే మాత్రం ఆ సంగతి ఎవరికీ గుర్తుండదు. ఘాటు తగ్గింది కదా, ఇక ఫర్వాలేదంటారు. వాసన పోయినంత తొందరగా విషం పోదు. పైగా ఆ ఘాటుకు పాము ఆగుతుందని ఎవరూ రుజువు చేయలేదు. అది వచ్చేది ఎలుక కోసం, దాక్కునే చోటు కోసం. ఆ రెండూ అక్కడే ఉంచి చుట్టూ విషం పోస్తే, పోయేది కోడే.

వెల్లుల్లి, కిరోసిన్, ఫినాయిలు? ఆ కంపు మీకే. సర్పగంధి మొక్క? పేరులో తప్ప దాంట్లో పాముల సంగతేమీ లేదు. తుప్పలకు అగ్గిపెడితే? లోపలున్నది మీ వంటింటి వైపే పరిగెత్తొచ్చు.

‘కోళ్లుంటే పాములు రావు’ అనేదాన్ని మాత్రం సగం ఒప్పుకోక తప్పదు. తేళ్లనూ జెర్రులనూ చిన్న పాముపిల్లలనూ నాటుకోడి పొడిచి తినేస్తుంది. గిన్నికోళ్లయితే పామును చూడగానే వీధంతా లేచేలా అరుస్తాయి. అదంతా పగటిపూట. చీకటి పడితే కోడికి చూపు ఆనదు, పొదిగేపెట్ట గుడ్ల మీంచి లేవదు, నాగుపాము వచ్చేది అప్పుడే.

కాబట్టి తుప్పలు కొట్టడానికి కత్తి పట్టండి. గంబూట్లు వేసుకుని, ముందు కర్రతో తట్టి, ఇంటి దగ్గర మొదలుపెట్టి బయటివైపు నరుక్కుంటూ వెళ్లండి. ఉన్నవి అటే పోతాయి. గురివింద, గన్నేరు, ఆముదం ఉంటే పీకేయండి. మేకులు, గాజుముక్కలు ఏరేయండి, మెరిసేదేదైనా కోడి మింగుతుంది. అంతా గుండు కొట్టించకండి. గద్ద వచ్చినప్పుడు దూరడానికి రెండు పొదలు ఉండాలి. గూడు నేలకు రెండడుగుల ఎత్తులో కట్టి, అరంగుళం కన్నాల ఇనుపజాలీ బిగించండి. వెడల్పు కన్నాల వల కోడిని ఆపుతుంది గానీ పామును ఆపదు. దాణా డబ్బాలో పెట్టి మూత వేయండి. సాయంత్రం గుడ్లు తీసేయండి.

ఇప్పటికే గుళికలు చల్లేసి ఉంటే ఆ మూలకు కోడి పోకుండా తడిక కట్టండి, ఈ ఏటికి అది మీది కాదనుకోండి. గుళికలు తిని పడిపోయిన కోడిని ‘ఇప్పుడేగా పడింది’ అంటూ కూర వండుకునే మహానుభావులూ ఉన్నారు. దాన్ని బావికి దూరంగా లోతుగా గొయ్యి తీసి పాతిపెట్టండి. కుక్కకు కూడా వేయొద్దు.