రుద్దకండి... అద్దండి!

ఇంట్లో పెద్దవాళ్లు మంచాన పడితే మందుల గురించి పదిమందినీ అడుగుతాం. పక్క తడుపుకుంటున్నారన్న సంగతి మాత్రం గడప దాటనివ్వం. ఆ తడికే చర్మం ఒరుసుకుపోయి పుండు పడుతుందని ఎందరికి తెలుసు?

నర్సులకైతే ఈ పనికి శిక్షణ ఉంటుంది. అదీ బొమ్మలతో! 1911లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ ఆసుపత్రివాళ్లు కోరితే, బొమ్మలు చేసే మార్తా చేజ్ అనే ఆవిడ నిలువెత్తు బొమ్మను చేసిచ్చింది. 'మిసెస్ చేజ్' అని పేరుపడ్డ ఆ బొమ్మ మీదే నర్సింగ్ విద్యార్థినులు రోగిని ఒత్తిగిల్లజెయ్యడం, ఒళ్లు తుడవడం నేర్చుకున్నారు. మన దేశంలో 2021లో సవరించిన బీఎస్సీ నర్సింగ్ పాఠ్యప్రణాళికలోనూ ఇలాంటి అభ్యాసానికి చోటిచ్చారు.

బొమ్మ కింద ఉత్తుత్తి మలమూత్రాలు ఉంచుతారు. మరుగు కట్టి, పక్కకు తిప్పి, శుభ్రం చేసి, పూత రాయాలి. తప్పయితే మళ్లీ మొదట్నుంచి. బొమ్మకి నొప్పి లేదు కదా! కొన్ని చోట్ల విద్యార్థులే పెద్దల డైపర్ కట్టుకుని చూస్తారు. ఆ చిరాకు, ఆ సిగ్గు ఎలాంటివో అప్పుడు తెలిసొస్తుంది.

పక్షవాతం వచ్చిన మా అత్తగారిని ఇంటికి తెచ్చుకునేరోజు నర్సమ్మ నా చెయ్యి పట్టుకుని మరీ చూపించింది. "రుద్దొద్దమ్మా, మెత్తటి బట్టతో అద్దండి" అంది.

కారణం ఉంది. మన చర్మానికి కొద్దిపాటి ఆమ్లగుణం సహజం. అదే దానికి కాపలా. మూత్రంలోని యూరియా అమ్మోనియాగా మారి ఆ గుణాన్ని పోగొడుతుంది. మలంలోని ఎంజైములు చర్మాన్ని కొరికేస్తాయి. మామూలు సబ్బుకి క్షారగుణం ఎక్కువ కనుక అదీ మంట పెంచేదే. తడిసిన వెంటనే గోరువెచ్చని నీళ్లతో తుడిచి, ఆరనిచ్చి, జింక్ ఆక్సైడ్ పూతో పెట్రోలియం జెల్లీయో పల్చగా రాయాలి.

నడుం కింద, మడమల దగ్గర ఎముక ఒత్తుకునేచోట వచ్చేది ఒత్తిడి పుండు. దానికి తరచూ తిప్పి పడుకోబెట్టాలి. గజ్జల్లో, తొడల మడతల్లో పరుచుకున్నట్టు వచ్చేది తడి ఒరుపు. ఒక్కోసారి రెండూ కలిసే వస్తాయి. చర్మం చిట్లితే డాక్టరుకి చూపించాల్సిందే.

ఇంకోమాట. 'ఎర్రబడితే జాగ్రత్త' అంటారు. చామనఛాయ ఒంటిమీద ఎరుపు అంత తేలిగ్గా తెలీదు. చుట్టుపక్కల కంటే నల్లగా కమిలిందా, వేడిగా ఉందా, ముట్టుకుంటే నొప్పంటున్నారా చూసుకోవాలి.

నర్సు ముందు బొమ్మ మీద చేతులు తిప్పుకుంటుంది. ఇంట్లో కోడలో, కూతురో, భార్యో మొదటిసారే మనిషి మీద చెయ్యాలి. అందుకే డిశ్చార్జి కాగితాలు పుచ్చుకునే ముందు, "సిస్టర్, ఒకసారి నాచేత చేయించి చూడండి" అని అడగండి. మీవారినీ, మరిదినీ కూడా పక్కన నిలబెట్టండి. నేర్చుకుంటే వాళ్ల చేతులకూ వచ్చే పనే ఇది!