ప్రకటనలో జీతం, చేతికొచ్చే జీతం

పిల్లలు కాస్త పెద్దవాళ్లయి, ఉదయం తొమ్మిదింటికల్లా ఇల్లు ఖాళీ అవడం మొదలయ్యాక "నేనూ ఏదైనా ఉద్యోగం చూసుకుంటే?" అనిపించని గృహిణి అరుదు. పేపర్లోనో, సెల్‌ఫోన్‌లోనో ప్రకటనలు చూస్తాం. "ఫుల్ టైమ్, 18,000", "పార్ట్ టైమ్, 7,000, గృహిణులకు ప్రాధాన్యం" అని ఉంటాయి. మన కళ్లు ఆ అంకె మీదే ఆగిపోతాయి. చింతపండు కొనేటప్పుడు గింజ తీసిందా, తీయనిదా అని నిలదీసి అడిగే మనం, జీతం దగ్గరికొచ్చేసరికి మొహమాటపడతాం.

ముందు ఆ 18,000 సంగతి చూద్దాం. అంకె పక్కన చిన్నగా 'సి.టి.సి.' అని ఉంటే అది మన జీతం కాదండీ, మన మీద కంపెనీకి అయ్యే మొత్తం ఖర్చు. అసలు జీతం 16,000, అందులో బేసిక్, డి.ఏ. కలిపి 12,000 అనుకుందాం. ప్రావిడెంట్ ఫండుకు కంపెనీ వాటా 12 శాతం, అంటే 1,440. ఇ.ఎస్.ఐ.కి కంపెనీ వాటా 16,000 మీద 3.25 శాతం, అంటే 520. అన్నీ కలిపితే 17,960. ఇదే ప్రకటనలోకి వచ్చేసరికి 18,000 అయి కూర్చుంటుంది! ఇక మన వైపు కోతలు. పి.ఎఫ్.కు మరో 1,440, ఇ.ఎస్.ఐ.కి 0.75 శాతం లెక్కన 120, వృత్తి పన్ను 150 (మన రెండు రాష్ట్రాల్లోనూ జీతం 15,000 దాటి 20,000 లోపుంటే ఇంతే). చేతికొచ్చేది 14,290. పి.ఎఫ్. డబ్బు మన పేరునే ఉంటుంది, నిజమే. కానీ సరుకుల కొట్టువాడికి కట్టేది ఈ 14,290లోంచే కదా.

పార్ట్ టైమ్ విషయంలో లెక్క ఇంకోలా వేయాలి. సగం రోజు కాబట్టి సగం జీతం అనుకుంటాం. అసలు చూడాల్సింది గంటకు ఎంత పడుతోందని. పైన చెప్పిన ఉద్యోగంలో భోజనం గంట తీసేసి రోజుకు 8 గంటలు, నెలకు 26 రోజులు, మొత్తం 208 గంటలు. 16,000ని 208తో భాగిస్తే గంటకు 77 రూపాయలు. పది నుంచి రెండు దాకా పార్ట్ టైమ్ అయితే నెలకు 104 గంటలు. 7,000కి గంటకు 67 పడుతుంది. పది రూపాయలేగా తేడా అంటారేమో. ఆగండి, ఆటో చార్జీలున్నాయి. రానూ పోనూ రోజుకు 60 అనుకుంటే నెలకు 1,560. సగం రోజు పనికి వెళ్తున్నామని ఆటో అబ్బాయి సగం తీసుకోడు! అది తీసేస్తే ఫుల్ టైమ్ వాళ్లకు గంటకు 69 మిగిలితే, మనకు మిగిలేది 52.

మా వీధిలో ఒకావిడ ఒక క్లినిక్‌లో ఇలాగే పది నుంచి రెండుకి కుదిరింది. డాక్టరుగారు పదకొండింటికి గానీ రారు. రెండింటికి బయల్దేరబోతే "ఈ నలుగురు పేషెంట్లూ అయిపోతారు, కాస్త ఉండమ్మా" అంటారు. రోజూ మూడవుతుంది. నాలుగు గంటలనుకున్నది అయిదయ్యాక, పై లెక్కనే చూస్తే గంటకు 42 కూడా పడదు. పైగా బడి నుంచి వచ్చిన పిల్లవాడు తాళం వేసిన గుమ్మం ముందు కూర్చుంటున్నాడు. ఆవిడ పార్ట్ టైమ్ ఒప్పుకున్నదే వాడి కోసం. ఆఖరికి ఒకరోజు "రెండు దాటితే గంటకింతని కట్టివ్వండి" అని గట్టిగా అడిగేసింది. మర్నాటి నుంచి రెండింటికే పంపేస్తున్నారు. నడిచి వెళ్లే దూరంలో, వేళకు వదిలే చోటైతే పార్ట్ టైమ్ మనలాంటి వాళ్లకు మంచిదే అని నేనంటాను. రెండు బస్సులు మారి వెళ్లే పార్ట్ టైమ్ మాత్రం నాకు నచ్చదు.

"పార్ట్ టైమ్ వాళ్లకు పి.ఎఫ్., ఇ.ఎస్.ఐ. ఉండవమ్మా" అని కొందరు తేలిగ్గా చెప్పేస్తారు. ఆ చట్టాల పరిధిలోకి వచ్చే సంస్థ అయితే సగం రోజు పనిచేసేవాళ్లకూ అవి వర్తిస్తాయి. ఏడు వేల జీతానికి ఇ.ఎస్.ఐ. కింద మన నుంచి పోయేది నెలకు యాభై చిల్లర. దాంతో మనకే కాదు, మన మీద ఆధారపడ్డ ఇంట్లోవాళ్లకూ వైద్యం ఉంటుంది. వదులుకోకండి.

సెలవు పెడితే ఎలా కోస్తారన్నదీ ముందే అడగాలి. 7,000ని 30తో భాగిస్తే రోజుకు 233, 26తో భాగిస్తే 269. ఇచ్చేటప్పుడు ఒక లెక్క, కోసేటప్పుడు ఇంకో లెక్క ఉండకూడదు కదా.

ఇక "25,000 వరకు సంపాదించవచ్చు" అనే ప్రకటనల్లో ఆ 'వరకు' అన్న మాట దగ్గర ఆగి, ఏమీ అమ్ముడుపోని నెలలో ఎంతిస్తారో అడగండి. నోటిమాట కాకుండా ఆర్డరు కాగితం మీద ఆ అంకె, పని వేళలు రెండూ రాసివ్వమనండి. చేరడానికి ఎదురు మనల్నే డబ్బు కట్టమంటే మాత్రం ఈ లెక్కలేవీ అక్కర్లేదు, ఫోను పెట్టేయండి.