పేరొకటి, తీగెలు రెండు

దీపము పెట్టువేళకు తెల్లగా విచ్చి, మరునాటికి గులాబివన్నెయు, మూడవనాటికి కెంపువన్నెయు దాల్చు రాధామనోహరమును చూడని తెలుగు సోదరి యుండదు. గుమ్మముమీదనో, పెరటి పందిరిమీదనో ఆ తీగె గుత్తులు గుత్తులుగా వ్రేలాడుచుండును. దీనికి రంగూన్ లత యనియు, చైనా హనీసకిల్ అనియు ఆంగ్లేయులు పేళ్లు పెట్టిరి. ఇందులో రెండవ పేరే యిప్పుడు మన యిండ్లలో చిక్కు తెచ్చిపెట్టుచున్నది. ఆ చిక్కును విప్పుటకే మేమీ వ్యాసమునకు బూనుకొన్నారము.

హనీసకిల్ అనునది వేరొక తీగె. చీనా, జపాను దేశములు దాని పుట్టినిండ్లు. దాని పువ్వు మొదట తెల్లగానుండి పిదప పసుపువన్నె కెక్కును. ఒకే తీగెపై రెండు రంగులును కనబడుటచేత చీనావారు దానిని బంగారు వెండి పువ్వని పిలుతురు. విచ్చని మొగ్గలను ఎండబెట్టి, జ్వరమునకును గొంతునొప్పికిని కషాయముగా కాచి యిచ్చుట వారి వైద్యమున చిరకాలముగా వచ్చుచున్న ఆచారము. ఈ మొగ్గల తేనీరు నేడు పొట్లములలో మన అంగళ్లకు గూడ వచ్చుచున్నది. దాని గుణములను గూర్చి పత్రికలలోను చేతిఫోనులలోను విరివిగా ప్రచారము జరుగుచున్నది. ఆ ప్రచారములో సత్యమెంతయో అసత్యమెంతయో అటుంచుడు. అది మన రాధామనోహరమును గూర్చినది మాత్రము కాదు.

మొన్నటి వానకాలమున మా పొరుగింటి కోడలు దోసెడు రాధామనోహరపు పూలతో వచ్చి, "అక్కయ్యా, పిల్లవాడికి దగ్గు. ఈ పూలు ఎంతసేపు కాగనియ్యాల?" అని యడిగినది. తీగె కొన్నచోట దానికి హనీసకిల్ అని చీటీ కట్టి యిచ్చిరట. చీటీని నమ్మినది, చదివిన దానిని నమ్మినది, రెంటిని గలిపినది. ఆ పిల్లను తప్పుపట్ట మాకు నోరు రాలేదు. పూలను దేవునికి పెట్టించి, పిల్లవానిని వైద్యునియొద్దకు పంపితిమి.

ఈ రెండు తీగెలను గుర్తించుట కష్టము గాదు. హనీసకిల్ పువ్వులు ఆకుపంగలలో జంటలుగా పూయును. ప్రతి పువ్వును రెండు పెదవులుగా చీలియుండును. కాయ నల్లని చిన్న గుండ్రని పండు, అది తినదగినది కాదు. రాధామనోహరపు పువ్వుకు సన్నని పొడుగైన కాడయు, దానిపై అయిదు రేకులును ఉండును. కాయ కాచినచో అయిదు కనుపులు దేలి ఎండి గట్టిపడును. మన పెరళ్లలో అది కాచుట యరుదు. దీనినే మాధవి యనువారును గలరు గాని, అమరకోశమున అతిముక్తము, వాసంతి యను పర్యాయములు గల మాధవి మూడవ తీగె. ఒక్క పేరు పట్టుకొని మందు నూరుట యెంత సాహసమో చూడుడు!

నిజమునకు రాధామనోహరము కరక్కాయ, తాండ్ర, తెల్లమద్ది చెట్ల కుటుంబములోనిది. దీనికి మొదట పెట్టిన శాస్త్రనామము 'క్విస్క్వాలిస్'; లాటిను భాషలో 'ఎవరు? ఎట్టిది?' యని యర్థము. రంగులు మార్చు తీగెకు ప్రశ్నయే పేరగుట మాకు నవ్వు పుట్టించినది. ఇప్పటి శాస్త్రజ్ఞులు దీనిని కాంబ్రీటము జాతిలో చేర్చిరి. దీనియందు ఔషధముగా ప్రసిద్ధికెక్కినది పువ్వు గాదు, గింజ. పిల్లల కడుపులోని ఏలికపాములకు చీనా వైద్యులు ఈ గింజను వేయించి, పిల్లవాని వయస్సునుబట్టి లెక్కించి యిత్తురు. వేడి తేనీటితో పుచ్చుకొనరాదనియు నియమము పెట్టిరి. గింజలోని క్విస్క్వాలిక్ ఆమ్లము పురుగుల నరములను పట్టి వానిని పడవేయును. మోతాదు మించెనా, వెక్కిళ్లు, వాంతులు, తలత్రిప్పుట కలుగును. ఎలుకల మెదడులో నాడీకణములను నశింపజేసి పరీక్షించు శాస్త్రజ్ఞులు ఈ ఆమ్లమునే వాడుదురన్నచో, దీని శక్తిని వేరుగ చెప్పనక్కరలేదు. ఇట్టిదానిని వంటయింట చిటికెడు, దోసెడు లెక్కన పసివారికి పోయదగునా?

పురుగులకు మనకు తేలికయైన త్రోవ యున్నది. 2015వ సంవత్సరము మొదలు ప్రభుత్వమువారు నులిపురుగుల నివారణ దినము జరుపుచు, అంగన్‌వాడీలలోను బడులలోను ఆల్బెండజోల్ మాత్రలను ఉచితముగా ఇచ్చుచున్నారు. ఏడాది నిండినది మొదలు రెండేండ్లలోపు శిశువులకు సగము మాత్ర, రెండేండ్లు నిండినవారికి పూర్తి మాత్ర. పసివారికి నలిపి నీళ్లతో ఇయ్యవలెను. పెద్దపిల్లలు నమలి మ్రింగవలెను. మా వారు బడిలో పిల్లలను వరుసదీర్చి ఇప్పించునప్పుడు, మాత్రను నాలుకక్రింద దాచుకొను గడుసువారే యెక్కువయని చెప్పుచుందురు.

ఇక దగ్గు మాట. ఏడాది దాటిన పిల్లలకు పడుకొనబోవునప్పుడు ఒక చిన్న చెంచా తేనె నాకించిన దగ్గు కొంత నెమ్మదించును. ఏడాది నిండని శిశువునకు మాత్రము తేనె చుక్కయైనను తగదు. అందు ప్రాణాపాయకరమైన విషరోగమునకు మూలమగు సూక్ష్మబీజము లుండవచ్చును. పిల్లవాడు వడివడిగా ఊపిరి తీయుచున్నను, డొక్కలు లోనికి పోవుచున్నను, పాలు నీళ్లు త్రాగకున్నను ఏ కషాయము కొరకును క్షణమైనను ఆగరాదు.

తేనె యనగానే మా శ్రీహరికోట జ్ఞప్తికి రాక మానదు. సముద్రమునకును పులికాటు సరస్సునకును నడుమనున్న యీ దీవి, 1969లో రాకెట్ల కేంద్రమునకు ఎన్నికగుటకు పూర్వము, యానాదుల యడవి. వారు ఇచ్చట తేనెను, మూలికలను, బట్టలకు ఎఱ్ఱరంగు నిచ్చు చిరివేరును సేకరించి జీవించెడివారు. అడవినే అంగడిగా నెరిగినవారికి పేరు వ్రాసిన చీటీతో పనియేమి?

అయినచో రాధామనోహరపు పువ్వు నిష్ప్రయోజనమా? ఎంతమాత్రము గాదు. తెల్లగానున్న మొదటి రాత్రి దాని పరిమళమునకు రెక్కల పురుగులు వచ్చును. ఎఱ్ఱబడిన పగళ్లలో తేనెటీగలును చిన్న పిట్టలును మూగును. పడమటి ఎండ పడు కిటికీకి దీనిని మించిన తెర లేదు. పూలలోని గుణములను ప్రయోగశాలలలో పరీక్షించుచున్నారు గాని, మనుష్యులకు మందని యింకను నిర్ణయింపబడలేదు. కొమ్మను నాటినను, మొదట లేచిన పిలకను వేరుతో తీసి పెట్టినను బ్రదుకును. మావంటి సముద్రతీరవాసులు ఉప్పుగాలి సూటిగా తగులు తూర్పుగోడను విడిచి, ఇంటి వెనుకప్రక్క నాటుట మేలు. కొత్త చివుళ్లకే పూత వచ్చును గనుక, పూత తగ్గినంతనే కత్తిరింపవలెను. జాలిపడి వదలినచో ఇంటికప్పునంతయు ఆక్రమించుకొనును. రాలిన పూల కాడలను ఒకదానిలో నొకటి చేర్చి, దారము లేకయే జడవలె అల్లుట మా వీధి బాలికలకు నిత్యవినోదము.