మీకు తెలుసా? నాటింగ్‌హామ్‌లో అందరూ ‘డక్’లే!

ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో ముక్కూ మొహం తెలియని మనిషిని కూడా ‘డక్’ అని, అంటే బాతు అని, ఆప్యాయంగా పిలుస్తారు.

ఆడా మగా, చిన్నా పెద్దా తేడా లేదు. బుర్రమీసాల పెద్దమనిషైనా సరే, బస్సెక్కి టికెట్ తీసుకుంటే డ్రైవర్ నోట ‘థాంక్యూ డక్’ అనిపించుకోవాల్సిందే. డెర్బీ, స్టోక్-ఆన్-ట్రెంట్‌లలోనూ ఇదే వరస. ‘ఏ అప్, మి డక్’ అన్నది ఆ ప్రాంతపు పలకరింపు. కాఫీ కప్పుల మీద, టీషర్టుల మీద అచ్చువేసి మరీ అమ్ముతారు. ఇదేమీ నిన్నమొన్నటి ముచ్చట కాదు. షేక్స్‌పియర్ 1590ల్లో రాసిన ‘ఎ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్’ నాటకంలోనే ఓ పాత్ర ప్రియురాలిని ‘డక్’ అంటుంది.

ఊరు మారితే పిలుపూ మారుతుంది. గ్లాస్గోలో ఆడవాళ్లను ‘హెన్’ అంటారు, న్యూకాజిల్‌లో ‘పెట్’ అంటారు. బ్రిస్టల్ వైపు కొట్లో ‘మై లవర్’ అని వినిపించినా అందులో ప్రేమ వ్యవహారమేమీ లేదు, మన దగ్గర ‘ఏం కావాలమ్మా’ అన్నంత సహజం. యార్క్‌షైర్‌లోనైతే మగవాళ్లు సాటి మగవాళ్లనే ‘లవ్’ అంటారు. వీటన్నిట్లోకీ నాకు నచ్చింది అదే.

అక్కడికి చదువుకు వెళ్లే మన పిల్లలు ఈ పిలుపులకు నొచ్చుకోనక్కర్లేదు. అయితే ఆఫీసులో తోటి ఉద్యోగినిని మాత్రం ‘లవ్’, ‘డార్లింగ్’ అని పిలవకండి. అక్కడ అది అమర్యాద కిందికి వస్తుంది.