కోపం తణిసిన కొండ, కడుపు నిండిన ఇంగ్లీషు

ఇంగ్లీషు ‘సాటిస్‌ఫై’ లాటిన్ ఇంటి బిడ్డ. ‘సాటిస్’ అంటే చాలినంత, ‘ఫాకెరె’ అంటే చేయడం. విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి ‘చాలు చాలు’ అనే మనిషికి ఈ మాటను వివరించక్కర్లేదు.

15వ శతాబ్దంలో ఇంగ్లీషులో అడుగుపెట్టినప్పుడు మాత్రం దీనికి సంతోషంతో పెద్దగా పని లేదు. అప్పు తీర్చడం, పాపానికి పరిహారం చెల్లించుకోవడం, ఇవే దాని పనులు. ఆడికృత్తికకు పూలకావడి భుజానికెత్తుకుని తిరుత్తణి కొండెక్కే భక్తుడు చేసేదీ అదేగా, బాకీ ఉన్న మొక్కు తీర్చుకోవడం! ఎక్కాల్సిన మెట్లు 365, ఏడాదిలో రోజులెన్నో అన్ని.

అసలు ఆ ఊరి పేరులోనే ఒక క్రియ ఉంది. తమిళంలో ‘తణి’ అంటే చల్లారడం. శూరపద్ముడితో యుద్ధం ముగించి వచ్చిన మురుగన్ కోపం ఇక్కడే చల్లారిందని స్థలపురాణం. అందుకే స్కందషష్ఠికి మిగతా మురుగన్ కోవెళ్లలో జరిగే శూరసంహారం ఇక్కడ జరగదు. స్వామికి పుష్పాంజలి చేస్తారు. కోపం దిగినవాడి చేతికి మళ్లీ వేలాయుధం ఇవ్వడమెందుకు?

మన ‘తనియు’, ‘తనివి’ ఈ ‘తణి’కి తోబుట్టువులే. మూలం ‘తణ్’, అంటే చల్లన. తమిళుల ‘తణ్ణీర్’లో ఉన్నదీ అదే. అక్కడ కోపం చల్లారింది, ఇక్కడ ఆకలీ కోరికా చల్లారాయి. ‘తనియు’ను పద్యాలకు వదిలేశాం కానీ, ‘తనివితీరా’ లేకుండా మనకు ఏడవడం కూడా కుదరదు.

ఏడుపంటే గుర్తొచ్చింది. దిగులు చెప్పే ‘శాడ్’ కూడా ‘సాటిస్’కు దూరపు చుట్టమే! పాత ఇంగ్లీషులో ఆ మాటకు కడుపు నిండినవాడని అర్థం. నిండి, మొహం మొత్తి, బరువెక్కి, ఆఖరికి దిగులు పడ్డాడు. జర్మన్ ‘జాట్’ మాత్రం ఇప్పటికీ నిండు కడుపుతోనే ఉంది.

మళ్లీ ఊరి పేర్లకొస్తే, తిరువళ్లూరు పేరు వెనక ఉన్నదీ భోజనమే. శాలిహోత్ర మహర్షి పెట్టింది తిన్న ముసలి అతిథి ‘ఎవ్వుళ్?’ అన్నాడట, నడుం వాల్చడానికి ఏ గది అని. అతిథి సాక్షాత్తూ పెరుమాళ్. ఊరు ‘తిరుఎవ్వుళ్’ అయింది. ఆ ‘ఉళ్’, మన ‘లో’ ఒక్కటే. వీరరాఘవస్వామి అక్కడ ఇంకా పడుకునే ఉన్నాడు.

తిరుత్తణి 1960 ఏప్రిల్ 1 దాకా చిత్తూరు జిల్లాలోదే. రెండు రాష్ట్రాల హద్దు తేల్చిన పటాస్కర్ సూత్రం ప్రకారం అది మద్రాసు రాష్ట్రానికి వెళ్లింది. తిరువళ్లూరు, పొన్నేరి తాలూకాల గ్రామాలు కొన్ని ఇటొచ్చాయి. పిల్లాడికి తణికాచలం అని పేరు పెట్టుకునేవాళ్లు హద్దుకు రెండు వైపులా ఉన్నారు.