తెన్నేటి: ఉక్కు కోసం నిలిచిన ప్రతిపక్షం

పద్మనాభం అనగానే మన పెద్దలకు 1794 గుర్తొస్తుంది. ఆ జూలై 10న కుంఫిణీ సైన్యం చేతిలో విజయనగరం రాజు చిన్న విజయరామరాజు ఇక్కడే పడిపోయాడు. అది రాజుల కథ. ఈ జిల్లాలోనే కత్తి పట్టకుండా ప్రభుత్వానికి ఎదురు నిలిచిన మరో మనిషి ఉన్నాడు. ఆయన తెన్నేటి విశ్వనాథం. విశాఖ బీచిరోడ్డు పార్కుకు పెట్టిన పేరు ఆయనదే. అక్కడ శనగలు తినేవాళ్లలో ఎందరికి తెలుసో!

తెన్నేటి కమ్యూనిస్టు కాడు, ప్రకాశం పంతులు అనుచరుడు. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు పంతులు మంత్రివర్గంలో ఉన్నాడు. మరుసటి ఏడు నవంబరులో ఒక్క ఓటు తేడాతో ఆ ప్రభుత్వం కూలింది. ఆ తర్వాత ఆయన పేరు నిలిచింది పదవితో కాదు, పోరాటంతో.

ఉక్కు ఫ్యాక్టరీకి విశాఖే తగిన చోటని 1965లో విదేశీ నిపుణుల బృందం చెప్పింది. కేంద్రం నాన్చింది. 1966 అక్టోబరులో అమృతరావు నిరాహారదీక్షకు కూర్చున్నాడు. తెన్నేటి అఖిలపక్షాన్ని ఒక్కతాటి మీద నడిపాడు. కమ్యూనిస్టులతో ఆయనకు ఎన్ని తగాదాలున్నా ఆ పందిరి కింద అందరూ కలిశారు. నవంబరు 1న విశాఖలో పోలీసు కాల్పులు జరిగాయి, తొమ్మిది మంది నేలకొరిగారు. రాష్ట్రమంతటా కలిపి 32 మంది. ప్రతిపక్ష శాసనసభ్యులు చాలామంది రాజీనామాలు విసిరేశారు. 1967లో విశాఖ జనం తెన్నేటిని ఇండిపెండెంటుగా లోక్‌సభకు పంపారు. ఆయన సభలో ఉండగానే, 1970 ఏప్రిల్ 17న, ఇందిరాగాంధీ ఫ్యాక్టరీ ప్రకటన చేసింది.

ఇక్కడ మేం కూలీల మాట ఎత్తకుండా ఉండలేం. ఫ్యాక్టరీకి 64 గ్రామాలు భూములిచ్చాయి, ఇరవై వేల ఎకరాల పైచిలుకు. పరిహారం ఎకరాల లెక్కన కట్టారు. మరి సెంటు భూమి లేనివాడికి ఏం కడతారు? ఊడ్పులు, కోతలు, కళ్లం పనులు పోయాయి. ఆ కూలి ఏ పట్టాలోనూ రాసి ఉండదు కదా! ఇల్లూ వాకిలీ పోయినవాళ్లలో కొందరు ఆర్ కార్డు చేత పట్టుకుని ఉద్యోగం కోసం ఏళ్ల తరబడి తిరిగారు. తెన్నేటి 1979లో పోయాడు, ఫ్యాక్టరీ పొగ ఆయన చూడలేదు. జాతికి అంకితం చేసింది 1992లో.

2021 జనవరి 27న ఆ ఫ్యాక్టరీలో నూరు శాతం వాటా అమ్మాలని కేంద్రం నిర్ణయించింది. కూర్మన్నపాలెం దీక్షా శిబిరంలో కార్మికుల పక్కనే నిర్వాసితులూ వచ్చి కూర్చున్నారు.