నీటి లెక్కకు పార్టీ లేదు

గ్రామమున పార్టీలుండుట క్రొత్త సంగతి కాదు. ఎవరి యిష్టము వచ్చినట్లు వారు ఓటు వేయుదురు. అందుల కడ్డు చెప్పుట మా పని కాదు. కాని భూమిలోని నీరు ఏ పార్టీ రైతు తోడినను తగ్గును. ఒకడు లోతుగా బోరు వేసిన, పొరుగువాడు అంతకంటె లోతుగా వేయును. తుదకు ఇద్దరి బోర్లును ఎండును. బోరు ఎండినను దానికై తెచ్చిన అప్పు ఎండదు. ఈ మాట సంఘ సభ్యులకు మేము చెప్పనక్కఱలేదు.

ప్రభుత్వములు చేసిన పనిని చూతము. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2002లో తెలుగుదేశము ప్రభుత్వము నీరు, భూమి, చెట్ల చట్టమును తెచ్చి, బావుల నమోదునకును క్రొత్త బోర్లకును నియమము లేర్పఱచెను. 2004లో కాంగ్రెసు ప్రభుత్వము వచ్చి సేద్యపు పంపులకు ఉచిత విద్యుత్తు నిచ్చెను. ఒకటి మితముగా తోడుమనుచున్నది. రెండవది ఖర్చు లేక తోడనిచ్చుచున్నది. రెండును రైతు మేలు కోరినవే. ఈ రెంటికిని పొత్తు కుదుర్చు పని మాత్రము గ్రామమునకే మిగిలినది.

అది సాధ్యమని 2003లో మొదలైన యొక ప్రయత్నము చూపినది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో అనంతపురము, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశము, మహబూబునగరము, నల్లగొండ జిల్లాలలో రైతులు, స్త్రీలు సైతము, తామే వానను కొలిచిరి; బావులలో నీటిమట్టమును కొలిచి వ్రాసికొనిరి. రబీకి ముందు ఒకచోట కూడి, ఉన్న నీరెంత, వేయదలచిన పైరులకు కావలసిన దెంత యని లెక్క చూచిరి. నిర్బంధ మెవరికిని లేదు. నడుమ 2004లో ప్రభుత్వము మాఱినను పని సాగినది. లెక్క చూచిన పిదప పలువురు వరిని తగ్గించి, తక్కువ నీటి పైరులను వేసిరి.

లెక్క కష్టమైనది కాదు. ఎకరముపై ఒక మిల్లీమీటరు నీరనగా సుమారు 4,047 లీటర్లు. వరికి ఇంచుమించు 1,200 మిల్లీమీటర్లు కావలెను. అనగా ఎకరమునకు 48 లక్షల లీటర్లకు పైమాట. వేరుసెనగకు 500 మిల్లీమీటర్లు, అనగా 20 లక్షల లీటర్లు చాలును. ఒక ఎకరము వరి త్రాగు నీటితో రెండెకరముల వేరుసెనగ పండి, ఇంకను కొంత మిగులును.

కావున సభ్యులకు మా మనవి యిది. రాబోవు రబీ విత్తనములకు ముందే సమావేశము కండు. చర్చను నీటికే పరిమితము చేయుఁడు. పాత తగవులను ఆనాఁడు ఎత్తకుఁడు. బావి కొలుచునపుడు రెండు పక్షముల వారును ఒకే తాడు పట్టుకొనవలెను. తాను కొలిచిన దానిని ఎవఁడును అబద్ధమనఁడు. ఆ అంకెను అందఱికిని కనబడునట్లు గోడపై వ్రాయుఁడు. పిమ్మట ఏ పైరు ఎంత వేయవలెనో ఎవరికి వారే నిర్ణయించుకొందురు.

అభిప్రాయములు కలియుటకు ఏండ్లు పట్టవచ్చును. అంకెపై సమ్మతి కుదురుటకు ఒక ఉదయము చాలును. పని అక్కడ మొదలు పెట్టుదము.